పడవలోని మనిషి

కెరటాల మధ్య ఈదే మనిషి కళ్ళు నీటికి జానెడు ఎత్తులో కూడా ఉండవు. గాలి పడిపోయి సముద్రం కదలకుండా ఉన్న రోజున సైతం, 10 సెంటీమీటర్ల ఎత్తు నుంచి చూసే కంటికి నీటి అంచు కిలోమీటరు పైచిలుకు దూరంలోనే ముగిసిపోతుంది. ఆ తరువాతి నీళ్ళన్నీ భూమి వంపు చాటున ఉంటాయి. గాలి లేచి అల మీటరు ఎత్తుకు పెరిగిందంటే ఆ కిలోమీటరు చూపు కూడా మిగలదు. పల్లంలో ఉన్నప్పుడు నాలుగు పక్కలా నీటి గోడలు, మిట్ట మీదికి లేచిన అరక్షణంలో ముఖాన కొట్టే నురగ. అదే నీటి మీద, అతని పక్కనే సాగుతున్న పడవలో, 3 మీటర్ల ఎత్తున కళ్ళున్న మనిషికి ఆరు కిలోమీటర్ల దాకా సముద్రం కనిపిస్తుంది. ఎదురొచ్చే ఓడ, దూరాన రంగు మారిన నీరు, అసలు ముందుకు పోతున్నామా లేదా అన్న సంగతి, అన్నీ ముందుగా తెలిసేది ఆ మనిషికే. నేను చెప్పదలచిన మాటంతా ఈ రెండు ఎత్తుల తేడాలోంచే వస్తుంది. రేగిన సముద్రంలో ఈదేవాళ్ళు ఎంత బలవంతులైనా, తమ పరిస్థితి మీద తీర్పు చెప్పడానికి అక్కడున్న అందరిలోకీ తక్కువ అర్హత వాళ్ళదే. అందుకే ఈ విద్యలో అన్నిటికన్నా పెద్ద సాహసం ఇంకా ఒడ్డున ఉండగానే జరిగిపోతుందని నా నమ్మకం. నన్ను ఆపే హక్కు నీకిస్తున్నాను అని ఇంకొక మనిషితో ఒప్పుకోవడమే ఆ సాహసం. సముద్రాన్ని జయించిన వీరుల గురించి మనం రాసుకునే కథల్లో ఆ ఇంకొక మనిషి ఊసు సాధారణంగా ఉండదు. ఉండాలి.

ఇంగ్లిష్ ఛానల్‌నే తీసుకుందాం. నూటయాభై ఏళ్ళుగా ఈ విద్యకు అదే పెద్ద పరీక్ష. డోవర్ దగ్గరి ఒడ్డు నుంచి ఫ్రాన్స్‌లోని కాప్ గ్రీ నే దాకా గీత గీస్తే సుమారు 33 కిలోమీటర్లు. మంచి ఈతగాడు గంటకు 3 కిలోమీటర్లు పోతాడు. కానీ ఆ ఇరుకు సముద్రంలో నీరు దాదాపు ఆరు గంటలకోసారి దిశ మార్చుకుంటుంది. అమావాస్యకూ పౌర్ణమికీ దగ్గరి రోజుల్లో అడ్డంగా పారే ఆ నీటి వడి ఈతగాడి వేగాన్ని మించిపోతుంది. ముక్కుసూటిగా ఫ్రాన్స్ వైపే ఈదుతున్నాననుకునే మనిషి నిజానికి ముందొక పక్కకు, తరువాత ఇంకో పక్కకు కొట్టుకుపోతూ పటం మీద పెద్ద వంపులు గీస్తాడు. ఎప్పుడు ఎటు ఎంత కొట్టుకుపోతాడో లెక్కగట్టి బయలుదేరే గంట నిర్ణయించేది పడవ నడిపే సరంగు. గాలి ఒకవైపు నుంచి, నీటి వడి దానికి ఎదురుగా వచ్చే గంటల్లో కెరటాలు పొట్టిగా, నిటారుగా, దగ్గర దగ్గరగా లేస్తాయి. నడిసముద్రపు నిడుపాటి అల మనిషిని ఎత్తి దించుతుందే తప్ప పెద్దగా హాని చేయదు. ఊపిరి లయను చెడగొట్టేవి ఈ పొట్టి కెరటాలే. వాటిని తట్టుకోవడానికి నేర్చుకోదగ్గ పద్ధతులున్నాయి. బార పొడవు తగ్గించి చేతి వేగం పెంచాలి. ఎడమ పక్కకూ కుడి పక్కకూ ఊపిరి తీయడం వచ్చి ఉండాలి, గాలి కొట్టే వైపు కాకుండా అవతలి వైపు నోరు తెరవాలి. మింగిన ఉప్పునీరు కడుపులో తిప్పి వాంతి అయినా మళ్ళీ తాగాలి, మళ్ళీ బార వేయాలి. ఇవన్నీ సాధనతో వస్తాయి.

సాధనతో రానిది ఒకటుంది. ఈతల కాలంలో ఛానల్ నీరు 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటుంది. గాలితో పోలిస్తే నీరు ఒంటి వేడిని ఎన్నో రెట్లు త్వరగా లాగేస్తుంది. లోపలి వేడి 35 డిగ్రీల కిందికి దిగాక మాట తడబడుతుంది, చేతి వేళ్ళు కూడవు, ఆలోచన మసకబారుతుంది. చలి ముదిరిన మనిషి తాను బాగానే ఉన్నానని చెప్పగలడు, అలా చెప్పేటప్పుడు అబద్ధమాడుతున్నట్టు అతనికి తెలియదు. మెదడు మందగించిందని కనిపెట్టాల్సింది ఆ మందగించిన మెదడే కదా! అందువల్ల పడవలోని వాళ్ళు అతని మాట ఒక్కదాన్నే నమ్ముకోరు. నిమిషానికి ఎన్ని బారలు వేస్తున్నాడో లెక్కపెట్టి రాసుకుంటారు. గంటల తరబడి 60 దగ్గర నిలిచిన లెక్క 50కి జారిందంటే, అతను నవ్వుతూ చెయ్యి ఊపినా సరే, పడవలో ఆందోళన మొదలవుతుంది. ఆకలి, నిద్ర, నొప్పి వంటివాటిని సంకల్పబలం వెనక్కి నెట్టగలదు. సంకల్పబలం పని చేసేదే మెదడుతో కాబట్టి, ఆ మెదడుకే దెబ్బ తగిలినప్పుడు అది మనిషిని కాపాడకపోగా ప్రమాదంలోకి ఇంకాస్త ముందుకు తోస్తుంది.

1927లో ఏర్పడిన ఛానల్ స్విమ్మింగ్ అసోసియేషన్ నియమాల్లో ఈ ఎరుకంతా ఉంది. మామూలు ఈత దుస్తులు, టోపీ, కళ్ళద్దాలు తప్ప మరేదీ తొడుక్కోకూడదు. ఒడ్డు నుంచి ఒడ్డు దాకా పడవను గానీ మనిషిని గానీ పట్టుకోకూడదు. తిండీ పానీయమూ తాడు కట్టిన సీసాలోనో, పొడవాటి కర్ర చివరనో అందిస్తారు. పడవలో ఒక పరిశీలకుడు కూర్చుని జరిగినదంతా పుస్తకంలో ఎక్కిస్తాడు. ఈత ఆపేయాలని సరంగు అంటే ఇక అప్పీలు లేదు. ఈతగాడు తానే చాలిస్తానంటే అప్పుడూ ఎవరూ కాదనలేరు. అంటే ఈత సాగాలంటే రెండు అంగీకారాలు కావాలి, ఆగడానికి ఏ ఒక్కటి లేకపోయినా చాలు. ఈ ఏర్పాటులో సమానత్వం లేదు, ఉండకూడదు కూడా. అనవసరంగా ఆపినందువల్ల కలిగే నష్టం డబ్బు, కాలం, మనస్తాపం. ఆపాల్సినప్పుడు ఆపకపోతే కలిగే నష్టానికి పూడ్చడమన్నది లేదు.

దీనికి మొదటి సాక్ష్యం ఛానల్ మొదటి ఈతగాడే. మాథ్యూ వెబ్ 1875 ఆగస్టు 12న ఒకసారి దిగి, వాతావరణం చెడి, పైకి వచ్చేశాడు. పన్నెండు రోజుల తరువాత మళ్ళీ దిగి 21 గంటల 45 నిమిషాలకు ఫ్రాన్స్ ఒడ్డున కాలు పెట్టాడు. కాప్ గ్రీ నే దగ్గరికి వచ్చేసిన తరువాత కూడా ఎదురునీరు అతన్ని గంటల పాటు ఒడ్డు చేరనివ్వలేదు. అన్ని వంపులూ కలిపితే అతను తిరిగిన దూరం 60 కిలోమీటర్లు దాటింది. వెంట పడవ ఉంది, అందులో అతన్ని ఎరిగినవాళ్ళున్నారు. మొదటిసారి పైకి వచ్చేయడమే రెండో ఈతకు వీలిచ్చింది. అదే వెబ్ 1883 జులై 24న నయాగరా జలపాతం దిగువన ఉన్న సుడిగుండాల్లో ఈదుతానని చిన్న పడవలోంచి నదిలోకి దూకాడు. ఆ నీళ్ళలో పక్కన నడిచే పడవ అంటూ ఉండదు, చెయ్యందించే వీలు లేదు, సగంలో ఆపడమన్న మాటే లేదు. అతనికప్పుడు 35 ఏళ్ళు. శవం కొన్ని రోజులకు దొరికింది. ధైర్యంలోనో నేర్పులోనో ఆ ఎనిమిదేళ్ళలో అతను తగ్గిపోయాడని నేననుకోను. మొదటిచోట ఆగే దారి ఉంది, రెండోచోట లేదు.

ఈ మాటకు ఎవరైనా గట్టి అభ్యంతరం చెప్పదలిస్తే గెర్‌ట్రూడ్ ఎడర్లీ పేరు చాలు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో మూడు పతకాలు తెచ్చుకున్న ఈ న్యూయార్క్ అమ్మాయి 1925లో ఛానల్‌లో దిగింది. శిక్షకుడు జాబెజ్ వుల్ఫ్ ఆమె మునిగిపోతోందని భావించి, పక్కన ఈదుతున్న మనిషి చేత పట్టించాడు. పట్టుకుంటే ఈత రద్దు. తాను కాస్త విశ్రాంతి తీసుకుంటున్నానే తప్ప మునగడం లేదని ఆమె చివరి దాకా చెప్పుకుంది. మరుసటి ఏడు, 1926 ఆగస్టు 6న, థామస్ బర్జెస్ శిక్షణలో మళ్ళీ దిగింది. మధ్యలో గాలీ వానా లేచి కెరటాలు పెరిగాయి. పైకి వచ్చేయమని పడవలోంచి కేకలు వేశారు. ఆమె ఎందుకు అని ఎదురడిగి ఈత సాగించింది. పద్నాలుగున్నర గంటలకు ఇంగ్లండ్ ఒడ్డు చేరింది. అప్పటిదాకా ఛానల్ ఈదిన పురుషులందరిలోకీ వేగవంతుడి కంటే దాదాపు రెండు గంటలు ముందు. ఆడవాళ్ళ శరీరం అంత ఈత తట్టుకోలేదన్న వాళ్ళ నోళ్ళు ఆ రోజుతో మూతపడ్డాయి. పడవ మాటే చెల్లి ఉంటే ఈ చరిత్ర ఎక్కడిదని అడగవచ్చు. ఇంకో అడుగు ముందుకు వేసి, ఆపే హక్కు ఎవరి చేతుల్లో ఉంటుందో వాళ్ళ అపనమ్మకాలు, వాళ్ళ చిన్నచూపు కూడా ఆ హక్కుతో పాటే పడవ ఎక్కుతాయని అనవచ్చు. ఇది తేలిగ్గా తోసేయదగ్గ మాట కాదు.

అయినా ఆ రెండు ఏళ్ళనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఇంకొకటి కనిపిస్తుంది. వుల్ఫ్ తానే ఇరవై సార్లకు పైగా ఛానల్‌లో దిగి ఒక్కసారీ అవతలి ఒడ్డు చేరని మనిషి. బర్జెస్ 1911లో ఈది గట్టెక్కినవాడు, వెబ్ తరువాత ఆ పని చేసిన రెండో మనిషి. 1926 నాటి పడవలో బర్జెస్‌తో పాటు ఆమె తండ్రీ, ఈత వచ్చిన అక్కా ఉన్నారు. ఆ చేతి విసురు మామూలుగా ఎలా ఉంటుందో, ఎప్పుడు తేడా వస్తుందో చూసి పోల్చగల కళ్ళు వాళ్ళవి. పైకి రమ్మన్న కేక ఒక ప్రశ్న, ఆమె జవాబు ఒక పరీక్షా ఫలితం. చలికి మతి తప్పుతున్న మనిషి అంత సూటిగా, తడబడకుండా, వెంటనే ఎదురు ప్రశ్న వేయలేడు. ఆ జవాబు విన్నాక వాళ్ళు ఆపకపోవడం కూడా ఒక నిర్ణయమే, రెండు అంగీకారాలు కలిసే ఈత సాగింది. 1925లో తెగింది నమ్మకం. తనను నమ్మని మనిషి చేతికి తనను ఆపే హక్కు పోయింది. దానికి విరుగుడు ఆ హక్కును రద్దు చేయడంలో లేదు, దాన్ని ఎవరికివ్వాలో ఈతగత్తె తానే ఎంచుకోవడంలో ఉంది. ఎడర్లీ చేసిందీ అదే, శిక్షకుణ్ణి మార్చుకుంది. ఆ మొదటి తీర్పు తప్పే అనుకున్నా ఆమె పోగొట్టుకున్నది ఒక ఏడాది. కోల్‌కతా అమ్మాయి ఆరతీ సాహా అనుభవమూ ఇలాంటిదే. 1959 ఆగస్టు 27న పడవ ఆలస్యంగా రావడంతో అనుకూలమైన నీరు దాటిపోయి, ఇంగ్లండ్ ఒడ్డు దగ్గర పడ్డాక ఎదురునీటిలో చిక్కుకుని ఈత ఆపేయాల్సి వచ్చింది. సెప్టెంబరు 29న మళ్ళీ దిగి 16 గంటల 20 నిమిషాల్లో దాటింది. ఆసియా నుంచి ఛానల్ ఈదిన మొదటి మహిళ ఆమె.

ఫ్లోరెన్స్ చాడ్విక్ కథ ఎడర్లీ కథకు తిరగేసిన రూపం. 1952 జులై 4న ఆమె కాటలీనా దీవి నుంచి కాలిఫోర్నియా ఒడ్డుకు ఈదడానికి దిగింది. అప్పటికే ఛానల్‌ను రెండు దిశల్లోనూ ఈదిన మనిషి. ఆ రోజు పడవలు కూడా సరిగా కనిపించనంత మంచు. దాదాపు పదహారు గంటలు ఈదాక ఇక చాలన్నది. ఒడ్డు దగ్గర పడిందని పడవలోంచి తల్లీ శిక్షకుడూ ఎంత చెప్పినా వినలేదు. పైకి తీశాక చూస్తే ఒడ్డు ఇంచుమించు కిలోమీటరు దూరంలో ఉంది. ఈ కథను ఉత్సాహం నూరిపోసే ఉపన్యాసాల్లో గమ్యం కళ్ళ ముందు ఉండాలని చెప్పడానికి వాడుకుంటారు. నాకు అందులో ముఖ్యంగా తోచేది ఆ పడవవాళ్ళ నిగ్రహం. ఒడ్డు ఎక్కడుందో వాళ్ళకు తెలుసు, ఆమెకు తెలియదు. అయినా ఒక మనిషి లోపలి అలసటను బయటివాళ్ళు కొలిచి ఇంకా ఈదమని ఆజ్ఞాపించలేరు. నచ్చజెప్పారు, కాదన్నాక చెయ్యందించారు. రెండు నెలలు గడిచాక చాడ్విక్ అదే జలసంధిని 13 గంటల 47 నిమిషాల్లో దాటింది.

పడవలు ఉన్నంత మాత్రాన అంతా సరిపోతుందని నేననడం లేదు. 2010 అక్టోబరులో అరబ్ ఎమిరేట్స్‌లోని ఫుజైరాలో జరిగిన 10 కిలోమీటర్ల ప్రపంచ కప్ పోటీలో ఫ్రాన్ క్రిప్పెన్ అనే అమెరికన్ ఈతగాడు చనిపోయాడు. అక్కడ భయపెట్టే కెరటాలు లేవు, ఉన్నది ఒళ్ళు ఉడికించే గోరువెచ్చని నీరు. పోటీ అన్నాక నిర్వాహకులున్నారు, పడవలున్నాయి. కానీ అతని ఒక్కడి మీద నిలిచిన కన్ను లేదు. అతను గమ్యం చేరలేదని మొదట గమనించి వెతకడానికి మళ్ళీ నీళ్ళలో దిగింది తోటి ఈతగాళ్ళే. ఆ మరణం తరువాతే అంతర్జాతీయ సమాఖ్య నీటి వేడికి 31 డిగ్రీల పరిమితి పెట్టింది. ఇరవై ఆరేళ్ళ క్రీడాకారుడు, దేహం అలవాటు పడని వేడిలో, పోటీ మధ్యలో, నేను ఆగాలి అని తనకు తాను చెప్పుకోవాలని ఆశించడం అన్యాయం.

ఆపేది ఇంకొకరైతే ఘనత ఎవరిదని కొందరు అడుగుతారు. 1966లో మిహిర్ సేన్ పాక్ జలసంధిని పాతిక గంటలకు పైగా ఈదినప్పుడు భారత నౌకాదళం ఓడలు వెంట వచ్చాయి. అందువల్ల ఆయన వేసిన బారల్లో ఒక్కటి కూడా నౌకాదళం ఖాతాలో పడదు. మన గోలి శ్యామల 2021లో అదే జలసంధిని, నలభై దాటిన వయసులో, పదమూడు గంటలకు పైగా ఈది ధనుష్కోటి చేరినప్పుడూ అంతే. తాకకూడదన్న నియమం ఉన్నంతకాలం ఈతలోని శ్రమంతా ఈతగాళ్ళదే. అసలు ఇంత ప్రమాదం ఎందుకనే ప్రశ్నకు నా దగ్గర ఉన్నది చిన్న జవాబు. మనిషి దేహం ఎంత దూరం పోగలదో తెలుసుకోవాలనే కోరిక గౌరవించదగ్గది, దానికి తగిన కాపలా ఉన్నంతవరకు.

ఇవన్నీ ఛానల్‌కూ పాక్ జలసంధికీ సంబంధించిన సంగతులు, వెంట పడవ పెట్టుకోగల వాళ్ళ సంగతులు, విశాఖ రామకృష్ణా బీచ్‌లోనో యారాడలోనో బాపట్ల సూర్యలంకలోనో నడుంలోతు నీళ్ళలో దిగే కుర్రాళ్ళకు వీటితో ఏం పని అని అడిగేవాళ్ళకే నేను ఇంత సేపూ జవాబు కూడగట్టుకుంటున్నాను. మన తీరంలో ప్రాణాలు తీసేవాటిలో ముఖ్యమైనది రిప్ కరెంట్. ఒడ్డుకు తోసుకొచ్చిన కెరటాల నీరు ఇసుక మేటల మధ్య ఇరుకు సందు చూసుకుని వెనక్కి లోపలికి పారుతుంది. ఆ వడి ఒక్కోసారి సెకనుకు 2 మీటర్లు దాటుతుంది, ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. లోతు ఎక్కువ కాబట్టి ఆ సందులో కెరటాలు తక్కువగా విరుగుతాయి, చుట్టుపక్కల కన్నా అదే నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. తెలియనివాళ్ళు ఏరి కోరి అక్కడే దిగుతారు. అది మనిషిని అడుగుకు లాగదు, లోపలికి మోసుకుపోతుంది. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి సాయం అడిగినా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరిగినా బయటపడే అవకాశం ఉంది. చనిపోయేవాళ్ళలో చాలామంది ఒడ్డు వైపే సూటిగా ఈది, బలమంతా ఖర్చయి మునిగిపోతారు. కండబలం ఉన్న కుర్రాళ్ళు దాన్ని నమ్ముకుని ఇంకా గట్టిగా ఎదురీదుతారు. ఎత్తు మీద నిలబడిన లైఫ్‌గార్డుకు ఆ సందు ముదురు రంగు చారలా కనిపిస్తుంది. నీళ్ళలో ఉన్నవాడికి కనిపించదు.

తన ప్రాణం తన ఇష్టం, విజిల్ వేసి బయటికి రమ్మనడానికి వాళ్ళెవరు అనే వాదనకు అక్కడ చోటు లేదు. మన వార్తల్లో ఒక్కరుగా మునిగినవాళ్ళు తక్కువ. ఒకడు కొట్టుకుపోతుంటే కాపాడబోయిన స్నేహితుడు, ఆ ఇద్దరి కోసం దిగిన అన్న, ఇలా ఒకే ఇంటివాళ్ళు, ఒకే తరగతివాళ్ళు పోతారు. ప్రాణాలకు తెగించి పడవ వేసుకుని వెళ్ళేది చివరికి ఆ ఊరి మత్స్యకారులే. వాళ్ళు పొద్దున్నే సముద్రం చూసి ఇవాళ దిగొద్దని చెప్పే మాటకు ఛానల్ సరంగు మాటకున్నంత విలువ ఉండాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ కెరటాల అంచనాలు ఇస్తోంది. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన అలలు కొన్ని రోజులు ప్రయాణం చేసి, గాలి లేని ఎండపూట మన ఒడ్డున విరుచుకుపడతాయని ముందే చెప్పగల శాస్త్రం అది. కానీ బీచ్‌లో బండి దిగిన కుటుంబం ఆకాశం చూసి నమ్ముతుంది. ఆ అంచనా ఎర్రజెండాగా మారాలి, జెండా పక్కన మనిషి ఉండాలి, అతని మాట దాటితే అడిగే చట్టం ఉండాలి, చీకటి పడేదాకా అతను అక్కడ ఉండాలి. ఇదేమీ మనకు తెలియని పని కాదు. కార్తీక పౌర్ణమికి, పోటూ పాటూ రెండూ ఎక్కువగా ఉండే రోజున, వేలమంది సముద్రస్నానానికి వస్తే మన పోలీసులూ మత్స్యకారులూ కలిసి నీళ్ళలో హద్దులు పెడుతున్నారు, పడవలు తిప్పుతున్నారు, గజ ఈతగాళ్ళను వరసగా నిలబెడుతున్నారు. మామూలు ఆదివారం సాయంత్రం అందులో నాలుగో వంతు మంది చాలు.